గండభేరుండానికి లైన్ క్లియర్

"ఇది ఆట కాదు, బొగ్గు గూడ్సు," అన్నది మైత్రి, బల్ల మీద కూలిపోయిన తన బొమ్మ విలుకాండ్రను ఒక్కొక్కరినే ఏరుకుంటూ. "నీ పక్షి వచ్చిందంటే మిగతా బండ్లన్నీ లూప్‌లైన్‌ల నిలబడాల్సిందే."

"బొగ్గు మీ నాన్నగారిదే కదండీ," అన్నాడు ప్రవీణ్. "దాని కోసం రోజూ ఆగేది మా ప్యాసింజర్లు. ఈ ఒక్కరోజుకి మీరాగేరు."

ఆమె తలెత్తి చూసింది. అతడు నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి, సాధ్యం కాక, కిటికీ అవతలి వానను చూడసాగాడు.

బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్యారమ్ బోర్డులు పెట్టే గది అది. మైత్రి తండ్రి భాస్కరరావు బొగ్గు కంపెనీలో అధికారిగా గోదావరిఖని నుంచి బదిలీపై వచ్చాడు. ఆమె ఊరిలోని మంగ్లా పేటలో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నది. ప్రవీణ్ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వేయడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మనుమడి కొడుకైన ఇతడు సిగ్నల్ విభాగంలో జూనియర్ ఇంజనీరు. ఒకే ఊరిలో ఉన్నా ఈ రెండు కుటుంబాలు కలిసే సందర్భమేదీ లేదు. కలిపినది ఆదివారం మధ్యాహ్నపు బల్ల.

ఆ బల్ల మీద ఆడేది అష్టదుర్గం. ఇరుపక్షాలకూ వెయ్యేసి పాయింట్లు ఇస్తారు. ఆ హద్దులో ఎవరికి నచ్చిన బొమ్మలతో వారు సైన్యాన్ని సమకూర్చుకొని, తామే రంగులు వేసుకుంటారు. బొమ్మలు కదిలే దూరాన్నీ కొట్టే దూరాన్నీ టేపుతో కొలుస్తారు. బొమ్మ ఎంత బలమైనదైతే అంత ఎక్కువ పాయింట్లు ఖర్చవుతాయి. ఎవరి సేనాపతి ముందుగా ఎదుటి కోటలో అడుగుపెడితే వారిది విజయం. ఏళ్ల తరబడి ఈ పొందిక చెడకుండా నడిచింది.

ఆ వేసవిలో ఆట తయారుచేసే కంపెనీ గండభేరుండాన్ని విడుదల చేసింది. అది రెండు తలల పక్షి. గోడలూ నదులూ దానికి అడ్డు కావు. తన వంతు వచ్చినప్పుడల్లా రెండేసి దాడులు చేస్తుంది. ఐదువందల పాయింట్లకు తగిన ఆ బలాన్ని కంపెనీ రెండువందలకే ఇచ్చింది. సులభంగా గెలిపించే బొమ్మను ఎక్కువమంది కొంటారని దాని ఆలోచన కాబోలు.

కొన్నారు కూడా. ముందుగా ప్రవీణ్ కొన్నాడు. అతని చేతిలో వరుసగా ఓడిన రాకేష్, ఆ ఓటములు భరించలేక తానూ కొన్నాడు. ఇద్దరి చేతిలోనూ ఓడిన స్వాతి తన గుర్రపుదళాన్ని పెట్టెలో సర్ది, ఆదివారం పడుకుంటే కనీసం నిద్రైనా దక్కుతుందని చెప్పి మానేసింది. బల్ల మీద పక్షితో పక్షి పోరాడడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడు వచ్చింది మైత్రి. పక్షి లేకుండా వచ్చింది.

"అరే దీదీ, మీరూ ఒకటి మంగా లో నా, తెప్పించేసుకోండి," అని సలహా ఇచ్చాడు రాకేష్.

"ఎండకాలం మొత్తం కూసోని వీళ్లకు రంగులేసిన. వీళ్లతోనే గెలుస్త."

గెలవలేదు. అయినా ప్రతి ఆదివారం వచ్చేది. ఆలోచిస్తున్నప్పుడు కొలత టేపు కొసను పంటితో పట్టుకునేది. ఆమె బొటనవేలి గోరుకు ఎప్పుడూ ఆకుపచ్చ రంగు అంటి ఉండేది. సోమవారం నుంచి శనివారం వరకు తన మనసులో తిరుగుతున్నది ఆ గోరేనని గ్రహించడానికి ప్రవీణ్‌కు ఎక్కువ కాలం పట్టలేదు. గ్రహించగానే భయం పట్టుకుంది. ఓడి ఓడి స్వాతి వెళ్లిపోయింది. ఈమె కూడా వెళ్లిపోతే?

ఆ భయం నుంచే అతడి తప్పు పుట్టింది. అతడు ఓడిపోవడం మొదలుపెట్టాడు.

పక్షి వెనకబడింది. సేనాపతులు తప్పుదారి పట్టారు. మైత్రి మొదటి విజయానికి గదిలో అందరికీ సమోసాలు తెప్పించింది. రెండవ విజయం నాడు తండ్రికి ఫోన్ చేసి, ఏ విలుకాడు ఏ గుట్టపై నిలిచాడో వివరంగా చెప్పింది. ఆమె కళ్లలోని వెలుగు చూసి, తాను చేసినది మంచి పనేనని ప్రవీణ్ నమ్మాడు.

మూడవ విజయానికి ఒక్క ఎత్తు దూరంలో ఆమె ఆగింది. టేపు తీసి అతని పక్షికీ తన ఏనుగుకూ నడుమ దూరం కొలిచింది. మళ్లీ కొలిచింది. పక్షి దాడికి ఏనుగు కాస్తలో అందకుండా ఉంది.

"ఒక్క అంగుళం తక్కువ," అన్నది.

"అవునండీ, బ్యాడ్ లక్."

"పోయిన వారం కూడా ఒక్క అంగుళమే. అంతకుముందు వారం కూడా. ఆట రానోని తప్పు ఒక్కోసారి ఒక్కో తీరుగ ఉంటది, ప్రవీణ్. నీది ప్రతిసారీ ఒకే కొలత."

ప్రవీణ్ పక్షిని తీసి పెట్టెలో పెట్టబోయాడు.

"పక్షితోని ఓడగొట్టినప్పుడు కోపమొచ్చింది గానీ, పెట్టె సదురుకొని మళ్ల వచ్చిన. ఇప్పుడేమో నాకు తెల్వకుండ నన్ను గెలిపించినవ్. మా నాన్నకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్న. ఆ గెలుపు నాది కాదన్నట్టే గదా."

"మీరు రావడం మానేస్తారేమోనని..."

"మానేస్తనో లేదో నన్నడగాలె గదా!"

గొడుగు సంగతి మరచిపోయి ఆమె వానలోకి వెళ్లిపోయింది. తరువాతి ఆదివారం రాలేదు. ఆ మరుసటి ఆదివారం కూడా ఆమె కుర్చీ మీద గొడుగు మాత్రమే ఉంది.

"ఏటిరా, మొకం ఎండుసేపలాగ పెట్టేవు?" అన్నది నానమ్మ కనకం, క్వార్టర్ వరండాలో చిక్కుళ్లు ఒలుస్తూ.

ప్రవీణ్ దాచకుండా చెప్పాడు. పక్షి సంగతి ఆమెకు సగమే అర్థమైంది. పిల్ల సంగతి పూర్తిగా అర్థమైంది.

"అచ్ఛా. గెలిసినప్పుడూ నీ ఇష్టమే, ఓడినప్పుడూ నీ ఇష్టమేనా? మరి ఆ పిల్లగుంట ఎందుకురా ఆడ్డం? నువ్వొక్కడివే ఆడుకో."

మరునాడు డ్యూటీ మీద కర్గీ రోడ్ స్టేషన్‌కు వెళ్తూ అతడు ఆ మాటే తలపోశాడు. శిక్షణకాలంలో ఒంటిలైన్ల నాటి పాత టోకెన్ యంత్రాన్ని విప్పి బిగించినవాడతడు. బండి బయలుదేరాలంటే డ్రైవరు చేతికి ఒక ఉక్కుగుండు అందాలి. అవతలి స్టేషన్ మాస్టరు 'లైన్ క్లియర్' అని సమ్మతించి మీట నొక్కితే తప్ప ఇవతలి యంత్రం ఆ గుండును వదలదు. మెయిలైనా, బొగ్గు గూడ్సైనా అంతే. అలాంటి యంత్రాలు బాగుచేయడం నేర్చిన మనిషి, తన లైన్ క్లియర్ తానే ఇచ్చుకుని బయలుదేరాడు. ప్రమాదం జరగకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఆ సాయంత్రం అతడు మైత్రికి ఒక సందేశం పంపాడు. క్షమాపణ తరువాత ఇలా ఉంది: "పక్షికి కొత్త నియమం పెట్టాలి. నేనొక్కణ్ణే పెడితే మళ్లీ అదే తప్పవుతుంది."

జవాబు మర్నాటికి గాని రాలేదు. "ఆదివారం వస్త. టేపు నేనే తెస్త."

ఆదివారం ఆమె నవ్వలేదు గాని కూర్చున్నది. ప్రవీణ్ షెడ్డు తుక్కులోంచి అడిగి తెచ్చిన బేరింగ్ గుండును బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరుంటుంది. మీరిస్తేనే నా పక్షి కదులుతుంది. ఒక్కసారి కదిలేక, మీ తర్వాతి వంతు కూడా అయ్యేక గుండు మళ్లీ మీకే."

మైత్రి గుండును అరచేతిలో దొర్లించింది. "నేను అసలే ఇయ్యకపోతే?"

"ఇవ్వకండి."

"మళ్ల అదే దయ! అప్పుడు నీ పక్షి చచ్చినట్టే గదా. నీకు అన్యాయమైతే అది న్యాయమెట్లయితది?" టేపు కొస పంటికిందికి వెళ్లింది. చాలాసేపు అక్కడే ఉంది. "ఇట్ల చేద్దాం. గుండు నా చేతిల ఉన్నంతసేపు నా సేనాపతి కూడా కదలొద్దు. ఆపుకోవచ్చు. కానీ ఆపినంతసేపు నేను కూడా గెలవను."

ప్రవీణ్ తలూపి పక్షిని బల్ల మీద నిలిపాడు. తనకు తట్టిన నియమంలో సమ్మతి మాత్రమే ఉంది. ఆమె దానికి తూకం కలిపింది.

ఆట మొదలైంది. వాన రేకుల మీద నిలకడగా కురుస్తున్నది. రాకేష్ తన ఆట వదిలి చూడటానికి వచ్చాడు. స్వాతికి ఫోన్ చేసి, నిద్ర లేచి రమ్మన్నాడు కూడా.

మైత్రి గుండును గుప్పిట్లో దాచి విలుకాండ్రను మెల్లగా ముందుకు నడిపింది. ఏనుగులను అతని కోట చుట్టూ నిలిపింది. ఇక గెలవాలంటే సేనాపతి కదలాలి. సేనాపతి కదలాలంటే గుండు వదలాలి. ఆమె వదిలింది.

ప్రవీణ్ ఈసారి ఏదీ దాచుకోలేదు. పక్షి రెక్కలు చాచి కొండదాటి వచ్చి, రెండు తలలతో రెండు ఏనుగులను కూల్చింది. స్వాతి "బాప్‌రే!" అని అరిచింది. కాని ఏనుగుల వరకు వచ్చిన పక్షికి మైత్రి సేనాపతి అందలేదు. వాడు అడుగు ముందుకు వేసి కోటలో నిలిచాడు.

మైత్రి సంతోషించడానికి ముందు టేపు తీసింది. పక్షి నుంచి తన సేనాపతి అడుగు వేయకముందు నిలిచిన చోటు వరకు కొలిచింది.

"ఒక్క అంగుళం తక్కువ," అన్నది, అనుమానంగా.

"ఒట్టు! ఏనుగుల్ని వదిలి వాడి మీదకి పోయుంటే అందేవాడు. నాకు తట్టలేదు. నిజంగా ఓడిపోయేను."

అతని ముఖంలో అసలైన బాధ కనిపించింది. అది చూశాక గాని ఆమె నవ్వలేదు. ఆ నవ్వు సమోసాల నాటి నవ్వుకంటే చాలా పెద్దది.

రాకేష్, స్వాతి ఆ నియమంతోనే తామూ ఆడాలని రెండవ బల్ల దగ్గరకు వెళ్లారు. ప్రవీణ్ తన బొమ్మలు సర్దుతూ ఆగిపోయాడు.

"ఇంకొకటి అడగాలి. ఆట గురించి కాదు. లైన్ క్లియర్ ఉంటేనే అడుగుతాను."

గుండు ఆమె గుప్పిట్లో ఉంది. "ఇయ్యకపోతే?"

"ఆగుతాను."

"ఎంతసేపు?"

"బిలాస్‌పూర్‌లో పుట్టిన ప్యాసింజర్‌ని. ఆగడం అలవాటే."

మైత్రి ఆకుపచ్చ గోటితో గుండును ఒకసారి గీరి చూసింది. "నేను ఆపినంతసేపు నా సేనాపతి కూడా కదలడు గదా. నియమం పెట్టింది నేనే." గుండును అతని అరచేతిలో పెట్టింది. చేతిని వెంటనే వెనక్కి తీసుకోలేదు. "అడుగు."

వారమంతా సిద్ధం చేసుకున్న వాక్యంలో అతనికి ఒక్క ముక్కా గుర్తురాలేదు. "నువ్వు..." అని మాత్రం అన్నాడు. అంతవరకు ఆమెను మీరు అనేవాడు.

"సరే," అన్నది మైత్రి.

వాన తగ్గలేదు. ఇద్దరికీ ఆ ఒక్క గొడుగే ఉంది. క్వార్టర్ గేటు దగ్గర వాళ్లను చూసిన కనకం చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టింది.

"ఏటిరా, ఎవులు గెలిసేరు?"

"నేను ఓడిపోయేను నానమ్మా."

"మళ్లీ నాటకమా?"

"లేదు అమ్మమ్మా," అన్నది మైత్రి. "ఈసారి నేను కొలిసి చూసిన."

కనకం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "అమ్మమ్మేటి, నానమ్మా అను," అని చెప్పి, తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లింది.