ఎనిమిది సెకన్ల దెయ్యం

పాత పడవ మునిగిన రాళ్ళ దగ్గర రాత్రిపూట ఫోన్ ఎత్తకూడదని మా రేవులో అందరూ అంటారు. ఎత్తితే మనవాళ్ళ ముఖమే కనిపిస్తుందట... కానీ చూసేది మనవాళ్ళు కాదట.

నాకు నవ్వొచ్చేది. మా మావయ్య పడవకి ఇంటర్నెట్ పెట్టె బిగించింది నేనే. అది పనిచేస్తే మిగతా నలభై పడవల ఆర్డర్లూ నా చేతికొస్తాయి. లేదంటే, ఉద్యోగం మానేసి వచ్చినవాణ్ణి, ఇంట్లో తలెత్తుకోలేను.

మావయ్య చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఆ రాత్రి మావయ్యా, ఇంజిను చూసేవాడూ రాళ్ళ దగ్గర వల వేసి కూర్చున్నారు. గాలి లేదు. అలలు మాత్రం — నున్నగా, ఎత్తుగా, ఒకదాని వెనక ఒకటి. అత్తయ్య వీడియో కాల్ చేసింది.

"ఎక్కడున్నావ్?"

అంతే. ముఖం బిగుసుకుపోయింది. సగం మూసిన కళ్ళు... తెరిచిన నోరు... మాట లేదు.

కదిలింది. మళ్ళీ బిగుసుకుంది.

"అన్నా... అది వదిన కాదు," ఇంజిను చూసేవాడు గొణిగాడు.

మావయ్య ఫోన్‌ని చేపల బుట్టలో పడేసి పడవ తిప్పేశాడు.

తెల్లారి రేవులో నన్ను పట్టుకున్నాడు. "అల్లుడూ, నీ పెట్టె నువ్వు పట్టుకుపోతావా, నన్నే సముద్రంలో పారేయమంటావా?"

"ఒక్క రాత్రి నన్నూ తీసుకెళ్ళు మావయ్యా."

వెళ్ళాను. అవే రాళ్ళ దగ్గర, మళ్ళీ కాల్‌లో అత్తయ్య ముఖం ఎనిమిది సెకన్లకోసారి బిగుసుకుంటోంది. ఒళ్ళు జలదరించిన మాట నిజమే. అయినా అలలు లెక్కపెట్టాను. అవీ... ఎనిమిది సెకన్లకొకటి!

"మావయ్యా, స్తంభం చివర నేను కట్టిన యాంటెన్నా ఏది?"

"వల తాడు తగులుకుంటోందని ఐసు పెట్టె పక్కకి దించాన్రా."

ఆ రాళ్ళ మీద అలలు లేస్తాయి. పడవ పల్లంలోకి దిగినప్పుడల్లా ఒడ్డునున్న టవరుకి ఎదుటి అల గోడలా అడ్డం. దెయ్యం ఎత్తు రెండు మీటర్లు, ఒళ్ళంతా నీళ్ళే.

యాంటెన్నా పైకెక్కించాను. ఎనిమిది సెకన్లు... పదహారు... నలభై నిమిషాలు. అత్తయ్య ఒక్కసారీ ఆగలేదు.

"ఇన్నాళ్ళూ సిగ్నల్ లేదన్నావ్! ఇప్పుడు చెప్పు. నా కుట్టుమిషను మీ అక్కకి ఎవర్నడిగి ఇచ్చావ్?"

ఆ అక్క మా అమ్మే. నేను అలలు లెక్కపెట్టుకున్నాను.

వారం తిరక్కుండా నలభైలో ముప్పై ఎనిమిది పడవలు ఆర్డరిచ్చాయి. అందరిదీ ఒకటే షరతు — యాంటెన్నా ఐసు పెట్టె పక్కనే బిగించాలి.