తోలు కప్పిన గంగమ్మ

ఆషాఢ అమావాస్య… ఆదివారం… మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన నిప్పులు చెరుగుతున్నా, పడమటి దిక్కున కాటుక కొండల్లా మేఘాలు పేరుకుంటున్నాయి. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది! జమ్మలమడుగు అవతల, పెన్నా నీళ్లు నిలిచిన జలాశయం నడుమ ఒక రాతి తిప్ప. నీట మునిగిన పల్లెకు గుర్తుగా దాని మీద గంగమ్మ గుడి ఒక్కటే మిగిలింది. నిర్జనం… నిశ్శబ్దం… ఆ తిప్పకేసి ఒక పుట్టి పడవ గుండ్రంగా తిరుగుతూ పోతోంది.

అందులో ముగ్గురు విద్యార్థులు. గోవిందుది సింహాద్రిపురం దగ్గర గొర్రెల కాపరుల ఇల్లు. ప్రొద్దుటూరు కాలేజీలో చేరి ఆరు రోజులే అయింది. తెడ్డు వేస్తున్న మక్బూల్ ఈ నీళ్లలోనే చేపలు పట్టే ఇంటివాడు. మూడోవాడు యోగానంద. హాస్టల్లో మొదటిరోజే గోవిందును “మామా” అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నవాడు. ఉపఎన్నికలో నిలబడ్డ నాయకుడికి స్వయానా మేనల్లుడు.

“ఆదివారం రూములో కూచోని ఏం చేస్తావు మామా? దీవి చూపిస్తా రా” అని పిలిచింది అతనే.

తిప్ప మీద దిగగానే యోగానంద నుదురు కొట్టుకున్నాడు. “మక్బూలూ, అన్నం మూట ఒడ్డున జీపులోనే మర్చిపోయినాం. పోయి తెస్తావా అప్పా?”

మక్బూల్ పుట్టి వెనక్కి తిప్పాడు. అప్పుడే గాలి మళ్లింది… దానితోపాటు దుర్గంధం!

“ఏందిది, ఇంత కంపు?” గోవిందు ముక్కు మూసుకున్నాడు.

“మేక ఏదన్నా చచ్చిందేమో. రా, గుడి చూద్దువుగానీ.” యోగానంద చూపు కలపకుండానే అతని చెయ్యి పట్టి లాగాడు.

గడప దాటాడో లేదో, చీకట్లోంచి పడిన ఉచ్చు గోవిందు చేతులను వెనక్కి బిగించి, అతన్ని నేలకూల్చింది!

ఎదురుగా ఓబళయ్య… ఆ ప్రాంతమంతా పేరెత్తడానికే జంకే క్షుద్రోపాసకుడు! ఒంటినిండా పంది కొవ్వు, దాని మీద చితాభస్మం. పెరిగిన గోళ్లలో ఎండిన నెత్తురు. ఏదో పచ్చి మాంసపు ముక్క నములుతుంటే, పసుపుపచ్చని జొల్లు గడ్డం మీదుగా కారి పొట్ట మడతల్లో నిలుస్తోంది. అతని ముందు ఒక కపాలం! అందులో పులిసిన కల్లు, కుళ్లిన మెదడు. మూలనున్న గంగమ్మ శిల మీద పచ్చి బర్రెతోలు కప్పి ఉంది… ఆ తోలంతా తెల్లగా కదులుతోంది. పురుగులు!

“యోగా! ఏందిరా ఇది?”

“ఒక్క బొట్టు నెత్తురు చాలన్నాడు మా మామ… నీలాంటి తొలిచూలు బిడ్డది. ఏం కాదు, ఓర్చుకో గోవిందూ…”

ఓబళయ్య వికటంగా నవ్వాడు. “బొట్టా? గొంతు తెగితే కదరా ఈ పుర్రె నిండేది!”

యోగానంద గోడకు అతుక్కుపోయాడు. అడ్డం మాత్రం రాలేదు.

ఆ కపాలం దువ్వూరు బాలయ్యది. గత ఎన్నికలలో యోగానంద మామకు ఎదురు పార్టీ పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నందుకు అతన్ని బాంబులేసి చంపారు. ఇంటికి చేరిన శవానికి తల లేదు! ఇప్పుడు ఆ తలనే ముందు పెట్టుకుని, అతని ఆత్మను అతని భార్య గురవమ్మ దేహంలో బంధించి, ప్రత్యర్థి అభ్యర్థి మీదికి మారణశక్తిగా వదలాలని ఓబళయ్య సంకల్పం.

“లెయ్యే! కొయ్యి!”

శిల వెనకనుంచి గురవమ్మ లేచింది. జడలు కట్టిన జుట్టు… గుడ్లు తేలేసిన కళ్లు… పెదవుల సందున నల్లని నురగ! “దాహం… దాహం…” మగ గొంతు! కత్తి పట్టుకుని గోవిందు మీదికి వంగింది. కానీ అతని చెవి దగ్గర మాత్రం ఆమె సొంత గొంతు పలికింది, సన్నగా, ఏడుస్తూ…

“నాయనా… నా చేతులు నా మాట వినడంలే. ఆ తోలు లాగెయ్… అమ్మకు ఊపిరాడ్డంలే…”

గోవిందు శిల వైపు ఒక్క పొర్లు పొర్లాడు. కత్తి నేలను తాకి నిప్పులు రాల్చింది. చేతులు కట్టేసి ఉన్నాయి. ఉన్నవి పళ్లు మాత్రమే! కళ్లు మూసుకుని ఆ కుళ్లు తోలును కరిచాడు. చీము నోట్లోకి కారింది. పురుగులు నాలుక మీద, చిగుళ్ల సందుల్లో, గొంతులోకి… అయినా వదల్లేదు! తల విసురుగా వెనక్కి లాగాడు. తోలు జిగురుజిగురుగా ఊడొచ్చింది.

చీకట్లో రెండు వెండి కళ్లు ధగద్ధగాయమానంగా మెరిశాయి!

ఫెళఫెళారావాలతో పిడుగు పడింది. గురవమ్మ చేతిలో కత్తి జారింది. ఆమె నోట ఇప్పుడు పలికింది ఆడ గొంతూ కాదు, మగ గొంతూ కాదు.

“నా ఇంట్లో… నా ముఖానికే కుళ్లు కప్పుతావా!”

ఓబళయ్య మంత్రం ఎత్తుకున్నాడు. నాలుక నల్లగా ఉబ్బి నోటినిండా నిండిపోయింది! కింద పడిన తోలు పాములా పాకి, కాళ్లనుంచి మెడదాకా అతన్ని చుట్టేసింది. బిగిసింది… ఇంకా బిగిసింది… “అమ్మా! తప్పయిపాయ…” ఎముకలు పటపట విరిగాయి. చివరికి తోలు అంచులనుంచి నల్లని జిగురు కారి, రాతి సందుల్లోకి ఇంకిపోయింది.

గురవమ్మ మామూలు మనిషై, గోవిందు కట్లు కోసింది. తరువాత కపాలంలోని కశ్మలాన్ని ఒలకబోసి, నీళ్ల ఒడ్డున కూర్చుని కొంగుతో తుడిచింది. విరిగిన ముందు పన్ను తడిమి భోరుమంది. “ఏమయ్యా… ఇంటికి పోదాం రా…”

మక్బూల్ అన్నం మూటతో వచ్చాడు. ఆ వాసనకే గోవిందు భళ్లున కక్కుకున్నాడు. ముగ్గురూ పుట్టి ఎక్కుతుంటే యోగానంద మోకాటిలోతు నీళ్లలోకి పరిగెత్తుకొచ్చాడు.

“నన్ను గూడా తీసుకపో గోవిందూ…”

అతని ముఖం చూడటానికే గోవిందుకు అసహ్యం వేసింది. “మక్బూలూ, పోనీ!”

“ఎక్కించుకో నాయనా” అంది గురవమ్మ. “ఈడ వదిలితే, రేపు ఆ ఓబళయ్య తావులో వీడు కూచుంటాడు. వీనితో నాకు పనుంది.”

సాయంత్రం జమ్మలమడుగు పోలీసు స్టేషన్లో ఆమె ఆ కపాలాన్ని బల్ల మీద పెట్టింది.

“ఎవరిదమ్మా ఇది?” రైటరు అదిరిపడి లేచాడు.

“నా మొగునిది. చంపించినోని పేరు ఈ పిల్లోడు చెప్తాడు, రాసుకో.”

యోగానంద గోవిందు వైపు చూశాడు. గోవిందు చూపు తిప్పుకోలేదు. తల వంచుకుని… యోగానంద తన మామ పేరు చెప్పాడు.