వెనక నిచ్చెన లేని బోటు

“అమ్మను తీసుకెళ్ళి ఆ బోటు వెనక సీట్లో కూర్చోబెట్టింది ఎవరు? ముందు అది చెప్పండి నాకు.”

ఆడపడుచు గొంతు హాలు దాటి, వంటిల్లు దాటి, పెరటి గోడ దాకా వినిపించింది. ఆవిడ బళ్ళో హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో ఉన్నా పిల్లల్ని వరసల్లో నిలబెట్టి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ పూటే ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన అత్తగారు పక్క గదిలో పడుకుని ఉంది. రెండు పక్కటెముకలు చిట్లాయి, కుడి భుజం కమిలిపోయి నల్లబడింది. గట్టిగా ఊపిరి తీసుకుంటే చాలు, ముఖం ముడుచుకుపోతోంది.

వంటింట్లో పాలు కాస్తున్న కోడలు చిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. నలభై దాటినా, సోఫాలకీ సీట్లకీ కవర్లు కుట్టే పనిలో ఊళ్ళో మంచి పేరున్నా, పొట్టిగా ఉందని పుట్టింటివాళ్ళు పెట్టిన ఆ ముద్దుపేరే అత్తింట్లోనూ నిలిచిపోయింది. ఆ సీటు మెత్తగా ఉంటుందని, ఎండ తగలదని, అత్తగారికి నడుము ఆనేలా తనే వంపు పెట్టి కుట్టింది. ఆవిడను కూర్చోబెట్టిందీ తనే. అది నిజం. కానీ నిజమంతా అదేనా? ఆమె హాల్లోకి చూసింది. భర్త కుర్చీలో తల వంచుకుని, బొటనవేలి గోరు గీరుకుంటూ కూర్చున్నాడు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఒక్క మాట లేదు... ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, జరిగినదంతా కళ్ళారా చూసిన మనిషి, “తప్పు దానిది కాదక్కా” అని నాలుగు ముక్కలు అనలేకపోయాడు. అక్కడే చిన్ని ఒళ్ళు మండిపోయింది. వదిన మాటలకు కాదు, ఆయన మౌనానికి.

ఆయన లిఫ్టుల మెకానిక్. పెద్ద పెద్ద భవనాల్లో జనాన్ని పైకీ కిందికీ చేర్చే పెట్టెల్ని చూసుకుంటాడు. పనిలో మహా జాగ్రత్తపరుడు. తాడు మీద రవ్వంత అరుగుదల కనిపించినా లిఫ్టు ఆపేసి, ఎవరు ఎంత గొడవ చేసినా కదలనివ్వడు. ఆ జాగ్రత్తంతా ఇంటికొచ్చేసరికి ఎక్కడికి పోతుందో తెలియదు. మామగారు పోయాక అత్తగారు గుమ్మం కదలడం మానేసిందని, ఎవరో అమ్మేస్తున్న పాత మోటారు బోటు ఒకటి కొన్నాడు. చిన్న గది, రెండు పడకలు, వెనక కూర్చోవడానికి చోటు. ఊరి చివర పెద్ద జలాశయం ఉంది. ఆదివారం పూట అందరూ అందులో తిరిగి రావడం మొదలుపెట్టాక అత్తగారు మళ్ళీ మాట్లాడింది, మళ్ళీ నవ్వింది. అంతవరకూ బాగానే ఉంది.

తర్వాత ఆయనకు పిచ్చి పట్టుకుంది. నెలకో ముచ్చట. ముందు లోతు చూపించే పెద్ద తెర వచ్చింది. తర్వాత పాటలు వినడానికి నాలుగు స్పీకర్లు. చిన్న ఫ్రిజ్. గదిలోకి గాలి వచ్చేలా కొత్త కిటికీ. పైకప్పు మీద ఎండతో కరెంటు ఇచ్చే పలకలు. వెనక భాగం అంతా అద్దంలా మెరిసేలా తెల్ల పూత వేయించి, నీళ్ళలోకి కాంతి పడేలా నీలం దీపాలు పెట్టించాడు. సాయంత్రం అవి వెలిగించి, రేవులో నిలబడి, పెళ్ళికొడుకును చూసుకున్నట్టు చూసుకునేవాడు. చిన్ని తన వంతుగా సీట్లు కుట్టింది, తెరలు కుట్టింది, వాన పడకుండా గుడ్డ పందిరి కుట్టింది. తన కోసం అంటూ ఆమె అడిగింది ఒక్కటే.

“ఏవండీ, వెనక ఒక నిచ్చెన పెట్టండి. నీళ్ళలోకి దిగేలా మడత నిచ్చెన. ఎవరైనా పడితే ఎక్కడానికి ఏమీ లేదు.”

“ఎవరు పడతారు? పసిపిల్లలా మనం?” అన్నాడు ఒకసారి. “ఆ పూతకి చిల్లులు పెట్టమంటావా? దీపాలకు అడ్డం కూడా,” అన్నాడు ఇంకోసారి. మూడోసారి అసలు వినిపించుకోలేదు, కొత్త స్పీకరు తీగలు కలుపుకుంటున్నాడు. పైన పటారం, లోన లొటారం అని చిన్ని లోలోపల అనుకుని ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పుడు తన మీద తనకే కోపం వస్తోంది.

ఆ ఆదివారం వదిన కూడా వచ్చింది. బోటు ముక్కును ఉన్నచోటునే పక్కకు తిప్పే చిన్న మోటారు కొత్తగా బిగించాడు, అది అక్కకు చూపించాలని ఆయన సరదా. నడి నీళ్ళలో బోటు ఆపాడు. వదిన ఫోను తీసి, “అమ్మా, ఆ లైఫ్ జాకెట్ తీసెయ్. బస్తా కట్టినట్టు ఉంది, ఫొటో ఏం బావుంటుంది?” అంది. వద్దని చిన్ని అంటూనే ఉంది, పెద్దావిడ తీసేసి నవ్వుతూ లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే ముందు నుంచి, “ఇదిగో, చూడండి ఎలా తిరుగుతుందో,” అంటూ ఆయన మీట నొక్కాడు. బోటు గిర్రున పక్కకు తిరిగింది. అత్తగారు వెనక్కి తూలి నీళ్ళలో పడిపోయింది.

చిన్ని ఏమీ ఆలోచించలేదు. జాకెట్‌తోనే దూకేసింది. మునిగి తేలుతున్న మనిషిని జుట్టు పట్టుకుని పైకి లాగి, గడ్డం కింద చెయ్యి వేసి, తన గుండెకు ఆనించుకుంది. ఆయన ఆ మోటారు ఆపి పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు తెలిసింది అందరికీ, ఆ బోటు వెనక భాగం ఎంత ఎత్తో, ఎంత నున్ననో! పట్టుకోవడానికి ఒక్క కొక్కెం లేదు, కాలు పెట్టడానికి ఒక్క మెట్టు లేదు. ఆయన బోర్లా పడుకుని తల్లి చేతులు పట్టి లాగాడు. తడిసిన బట్టల బరువుతో ఆవిడ సగం లేచి, అంచుకు పక్కటెముకలు కొట్టుకుని, కేక పెట్టి మళ్ళీ జారిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ జారింది. “వదిలెయ్ నాయనా, చచ్చిపోతాను గానీ లాగొద్దు,” అని ఆ తల్లి ఏడుస్తుంటే... నీళ్ళలో ఉన్న చిన్నికి తల పైన ఆ తెల్లటి పూతలో తమ ఇద్దరి ముఖాలూ కనిపించాయి. చివరికి చేపలు పట్టేవాళ్ళ చిన్న పడవ వచ్చి, దాని అంచు వంచి ఇద్దరినీ ఎక్కించుకునే దాకా ఆమె చెయ్యి సడలించలేదు.

ఇప్పుడు హాల్లో వదిన ఇంకా అంటూనే ఉంది. “ముసలావిడను చూసుకోవాల్సింది ఎవరు? కోడలు కాదూ?”

చిన్ని పాల గిన్నె దించి హాల్లోకి వచ్చింది. ఫొటో సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే వదిన ఇక తల్లి ముఖం చూడలేకపోతుందనిపించి మింగేసింది. వదినను దాటుకుని వెళ్ళి భర్త ముందు నిలబడింది.

“మీరేమీ అనరా?”

“ఏమనమంటావు చిన్నీ? అయిపోయిందేదో అయిపోయింది. ఆ బోటు అమ్మేస్తాను. దరిద్రం వదిలిపోతుంది.”

అప్పటిదాకా అణుచుకున్నదంతా ఆ మాటతో తెగింది. చిన్ని గొంతు పెంచలేదు.

“దరిద్రం బోటుదా? బోటేం చేసింది? అమ్మేస్తే తప్పు కూడా దాంతోపాటు పోతుందనుకుంటున్నారా? ఊళ్ళోవాళ్ళందరినీ పైకెక్కించే మనిషి మీరు. కన్నతల్లిని నీళ్ళలోంచి పైకెక్కించడానికి నాలుగు మెట్లు పెట్టలేకపోయారు. ఎందుకూ? దీపాలకు అడ్డమని. ఎన్నిసార్లు అడిగాను నేను? నా చీరకో, నా మెడకో అడిగానా? పడితే బతకడానికి అడిగాను. అది మీకు ముచ్చటగా అనిపించలేదు. ఇప్పుడు మీ అక్క నన్ను నిలదీస్తుంటే గోళ్ళు గీరుకుంటూ కూర్చున్నారు.”

“నేను పెడదామనే అనుకున్నాను...”

“అనుకోలేదు. ఆ మాట నాతో అనకండి.”

అంతలో పక్క గదిలోంచి సన్నగా పిలుపు వినిపించింది. “అమ్మాయీ... అందరూ ఇటు రండి.”

అత్తగారు దిండుకు ఆనుకుని కూర్చోవడానికి ప్రయత్నిస్తోంది. చిన్ని వెళ్ళి పట్టుకుంది. ఆవిడ కాసేపు ఊపిరి కూడగట్టుకుని కూతురి వైపు తిరిగింది.

“జాకెట్ తీసెయ్యమంది నువ్వు. తీసేసింది నేను. బుద్ధి లేక ఇద్దరం చేసిన పని అది. ఈ చిన్ని వద్దు వద్దంటూనే ఉంది, నేనే వినలేదు. ఆస్పత్రిలో డాక్టరు అడిగినప్పుడు కూడా ఇది ఆ మాట బయట పెట్టలేదు. ఎందుకో తెలుసా? నువ్వు బాధపడతావని. నీళ్ళలో దీని చెయ్యి మొద్దుబారిపోయింది, నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కసారి వదిలితే అది హాయిగా తేలేది. వదల్లేదు. ఇంకోసారి దీన్ని ఒక్క మాట అన్నావంటే నా గడప తొక్కకు.”

హెడ్‌మిస్ట్రెస్ ముఖంలో కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. అత్తగారు ఈసారి కొడుకును చూసింది. “నీకు నేనేం చెప్పను రా. చెప్పాల్సింది అదే. అది ఎలా చెబితే అలా విను.”

చిన్ని చెప్పింది, అయితే అప్పుడే కాదు. అత్తగారు కర్ర పట్టుకుని నడవగలిగేదాకా ఆగి, ఒక ఆదివారం ఉదయం అందరినీ రేవుకు తీసుకెళ్ళింది. రేవు చెక్కల మీద కుర్చీ వేసి పెద్దావిడను కూర్చోబెట్టింది. వదిన పక్కన నిలబడింది. చిన్ని భర్తతో బోటెక్కి, ఒడ్డుకు కాస్త ఎడంగా లంగరు వేయించి, ఆయన చేతికి లైఫ్ జాకెట్ ఇచ్చింది.

“వేసుకుని దిగండి.”

“ఎక్కడికి?”

“నీళ్ళలోకి. దిగి, మళ్ళీ ఎక్కండి.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వు తెచ్చుకోబోయి మానుకున్నాడు. జాకెట్ బిగించుకుని, చొక్కా ప్యాంటుతోనే దూకాడు. తేలి, వెనక భాగం అందుకోవడానికి ఎగిరాడు. వేళ్ళు నున్నటి పూత మీద సర్రుమని జారాయి. ఈసారి గట్టిగా కాళ్ళు కొట్టుకుని ఎగిరి అంచు అందుకున్నాడు. ఒళ్ళు పైకి రాలేదు. కాళ్ళు బోటు అడుగుకు దూరిపోతున్నాయి. రోజూ బరువులు ఎత్తే చేతులు, ఇనుప తాళ్ళు లాగే చేతులు, పట్టు తప్పాయి. ఇంకోసారి. ఇంకోసారి. మోచేయి అంచుకు కొట్టుకుని నెత్తురు కనిపించింది.

“వాడిని పైకి లాగవే, పాపం,” అంది ఒడ్డు మీద నుంచి వదిన.

“దాని జోలికి వెళ్ళకు,” అంది అత్తగారు.

చిన్ని పైనుంచి చూస్తూ నిలబడింది. ఆమెకు జాలి కలగలేదు. కలగడం లేదేమిటని తనకే ఆశ్చర్యం వేసింది. ఆ నీళ్ళు తన ముక్కులోకీ నోట్లోకీ పోయిన రోజు గుర్తొచ్చి, చెయ్యి చాచబుద్ధి కాలేదు.

ఆయన ఇక ఎగరడం మానేశాడు. ఒక చేత్తో అంచు పట్టుకుని వేలాడుతూ రొప్పుతున్నాడు. ముఖం మీద కారుతున్నది నీళ్ళో, కన్నీళ్ళో తెలియడం లేదు.

“నాకే చేతకావట్లేదు చిన్నీ. నాకు జాకెట్ ఉంది, నేను మగాణ్ణి... అమ్మను పట్టుకుని నువ్వు ఎలా ఉన్నావు అంతసేపు?”

“మీరు పైన ఉంటే కింద ఉన్నాను.”

ఆ మాటకు ఆయన తల బోటుకు ఆనించి భోరున ఏడ్చాడు. “నాది తప్పు. నీ మాట నాకు లెక్కలేకుండా పోయింది. అక్క నిన్ను అంటుంటే నోరు విప్పలేకపోయాను, విప్పితే తప్పు నాదని నేనే చెప్పాల్సొస్తుందని. క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.”

చిన్ని తాడు ఒకటి కట్టి, చివర ఉచ్చు ముడి వేసి, కాలు పెట్టుకోవడానికి వీలుగా కిందికి వదిలింది. ఆయన దాని ఆసరాతో పాకుతూ, పడుతూ లేస్తూ పైకి చేరాడు. ఆమె తుండు ఇవ్వలేదు. అది ఎక్కడుందో చూపించింది.

మర్నాడు పని నుంచి రాగానే ఆయన నీలం దీపాలు ఊడదీశాడు. మళ్ళీ ఎవరూ చెప్పకుండానే మడత నిచ్చెన తెచ్చి, మెరిసే పూతకు తన చేత్తో తనే చిల్లులు పెట్టి, లోపల పలక వేసి బిగించాడు. నీళ్ళలో ఉన్న మనిషికి అందుతుందో లేదో దూకి చూశాడు. అందలేదని విప్పి, ఇంకో మెట్టు కిందికి వచ్చేలా మళ్ళీ బిగించాడు. ఆ వారమే వదిన ఇంటికి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. “బళ్ళో పిల్లలతో క్షమాపణలు చెప్పించడమే గానీ, నాకు చెప్పడం రాదే అమ్మాయీ,” అంది. చిన్ని ఆవిడకు పీట వాల్చింది. అంతకు మించి ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

అత్తగారి పక్కటెముకలు అతుక్కున్నాక ఒకనాటి ఉదయం మళ్ళీ బోటు కదిలింది. ఈసారి ఎవరి జాకెట్ ఎవరూ విప్పలేదు. గదిలోంచి బయటికి రెండు మెట్లు ఎక్కి వస్తుంటే చిన్ని అలవాటుగా తలుపు చెక్క పట్టుకోబోయి తూలింది. ఇన్నాళ్ళూ అలాగే తూలుతోంది, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

“ఇక్కడ పట్టుకోవడానికి ఒక పిడి ఉండాలి,” అంది, ఎవరితోనో అన్నట్టు.

ఆయన వెంటనే బోటు ఆపేసి పెన్సిలు తీసుకొచ్చాడు. మామూలుగా అయితే తన ఎత్తుకు గీత గీసేవాడు. ఈసారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

“ఎక్కడ పెట్టమంటావు? నీ చెయ్యి ఎక్కడ పడుతుందో చూపించు.”

చిన్ని మెట్టు మీద నిలబడి అరచెయ్యి గోడకు ఆనించింది. ఆయన ఆ చేతి చుట్టూ మెల్లగా గీత గీస్తున్నాడు, వేలు వేలుకూ ఆగుతూ. ఆమెలో కోపం ఇంకా పోలేదు. ఎప్పటికి పోతుందో ఆమెకే తెలియదు... అయినా ఆయన గీయడం పూర్తయ్యేదాకా ఆమె చెయ్యి తీయలేదు.