కారణం చెప్పిన గొంతు

పొద్దున్న ఎనిమిది గంటలకు కాకినాడ చేపల బజారు కిటకిటలాడుతోంది. కానీ ఎవరూ మాట్లాడటం లేదు. బుట్టల ముందు ఆడవాళ్ళు నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళు పండుగప్ప వైపు ఒకసారి చూసి, చెవిలోని పూసను వేలితో తట్టి, తమకేమీ పట్టనట్టు పక్కకు తిరిగి నిలబడుతున్నారు. కాసేపటికి ఇద్దరి చెవుల్లోనూ ఒకే అంకె వినిపిస్తుంది. చేప చేతులు మారుతుంది. బజారంటే గోల అని పాఠాల్లో చదువుకున్న పిల్లలెవరైనా ఇటు వస్తే, వీళ్ళందరూ కలిసి ఏదో మౌనవ్రతం పట్టారనుకుంటారు.

నీలవేణి ఆ బజారు దాటి జగన్నాథపురం వంతెన వైపు హుషారుగా నడుస్తోంది. రొయ్యల శుద్ధి కర్మాగారం మూతపడి ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆమె కలలో కూడా టిఫిన్ బండే కనిపిస్తోంది. నిన్న సాయంత్రం బేరం కుదిరింది. అనుకున్నదానికంటే ఎంతో తక్కువకు కుదిరింది. బండి తెచ్చుకోవడమే మిగిలింది.

బేరం ఆడింది ఆమె కాదు, ఆమె మారుబేరి. చెవిపూసలో ఉండే ఈ యంత్రం యజమాని గొంతుతోనే మాట్లాడుతుంది. ముక్కూ మొహం తెలియని గొంతుకు ఎవరూ ధర తగ్గించరని దాన్ని తయారుచేసిన పెద్దమనుషులు మొదట్లోనే కనిపెట్టారు. దేశంలోని అమ్మకాలన్నీ ఏకసంత అనే ఒక్క సంస్థ గుండానే జరగాలి. మధ్యలో నిలబడినందుకు ఏకసంత తీసుకునే వాటా పేరు నడిమిపాలు. మొదట్లో అది నూటికి రెండు, మూడు ఉండేది. ఎవరికీ బరువనిపించలేదు. ఇప్పుడు అమ్మేవాళ్ళ దగ్గర నూటికి పన్నెండు, కొనేవాళ్ళ దగ్గర నూటికి పది. ఆ పాలు ఎవరికి వాళ్ళు అవతలివాళ్ళ మీదికి నెట్టాలని చూస్తారు కాబట్టి, అమ్మేవాళ్ళు ముందే పెంచి చెబుతారు, కొనేవాళ్ళు ముందే తగ్గించి అడుగుతారు. మధ్యలో ఏర్పడిన గోతిని మారుబేరులు మాటలతో పూడ్చాలి.

ఊరికే తగ్గించమంటే ఏకసంత ఒప్పుకోదు. ప్రతి తగ్గింపుకూ ఒక కారణం చెప్పాలి. న్యాయం కోసమే పెట్టిన నియమం అది. అమ్మేవాళ్ళు ఆ కారణాన్ని చివరిదాకా విని ‘సరే’ అనాలి. కొనేవాళ్ళకు మాత్రం అంకె వస్తుంది, అంతే. కారణాలు కావాలంటే అడిగి వినవచ్చు. తిన్న విస్తరి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు ఎంతమందో, అడిగేవాళ్ళూ అంతమందే.

నీలవేణి బండి బేరం మొదట కదల్లేదు. మారుబేరి నీలవేణిని అడిగింది: ‘మర్యాద కారణాలు అయిపోయాయి. ఏ కారణమైనా చెప్పమంటారా?’ ఆమె అప్పుడు పెసరపప్పు నానబోస్తోంది. తడి చేత్తోనే పూస తట్టి ‘చెప్పు’ అంది.

*

రేకుల పంచలో బండి కడిగి పెట్టి ఉంది. దాని మీద పాత ఇనప పెనం, ఎన్ని వేల అట్లు పోస్తే వచ్చిందో ఆ నలుపు, నిగనిగలాడుతోంది. అరవై ఏళ్ళావిడ ఒకరు నూనె గుడ్డతో దాన్ని తుడుస్తున్నారు.

“ధనకోటిగారి ఇల్లు ఇదేనాండి?” అని అడిగింది నీలవేణి.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తల తిప్పి నీలవేణి మొహంలోకి చాలాసేపు చూసింది.

“ఆ గొంతు నీదేనా అమ్మా,” అంది. “రా, కూర్చో. ఇంకా పెద్దదానివేమో అనుకున్నాను.”

నీలవేణి నవ్వి బల్ల మీద కూర్చుంది. ధనకోటి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, మెల్లగా అడిగింది. “మరి నీకు భయం లేదా?”

“దేనికండి?”

“అచ్చిరాని బండి కదా. నువ్వే అన్నావు గదమ్మా. ‘ఈ బండి దగ్గరే గదండీ మీ ఆయన కూలబడి పోయారు. ఇలాంటి అచ్చిరాని బండికి అంత ధర ఎవరు పెడతారు’ అని. పాపం చాలా మెత్తగా చెప్పావులే. గట్టిగా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.”

నీలవేణికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పూసను తట్టి కారణాలు వినిపించమంది. వినిపించాయి. సొంత గొంతు, సొంత మర్యాద, ఇబ్బందైన మాట చెప్పేముందు ఆమె చేసే చిన్న గొంతు సవరింపుతో సహా. ఎక్కడో ఆసుపత్రి చిట్టాలోంచి ఒక మనిషి చావును ఏరుకొచ్చి, ఆయన భార్యకే చెప్పి, ధర తగ్గించింది ఆ గొంతు. నీలవేణి చెవులు వేడెక్కాయి.

“నేననలేదండి. అది మారుబేరి...” అని మొదలుపెట్టింది. తడి చేత్తో ‘చెప్పు’ అన్నది గుర్తొచ్చి ఆ వాక్యాన్ని అక్కడే మింగేసింది.

“నాకు కాస్త చెవుడు. పైకి వినపడేలా పెట్టుకుంటాను,” అంది ధనకోటి. “మా సౌదామిని పురిటికొచ్చి ఇక్కడే ఉంది. ఆ పూట వాళ్ళత్తగారు కూడా పళ్ళూ అవీ పట్టుకుని చూడ్డానికొచ్చారు. ఇద్దరూ విన్నారు. అచ్చిరాని ఇంట్లో తొలికాన్పేంటని అప్పటికప్పుడు పెద్దాపురం తీసుకుపోయారు. బండి నా పెళ్ళికి కొన్నది. అంటే బండీ, నేనూ ఒకేసారి వచ్చాం ఈ ఇంటికి. మరి అచ్చిరానిది బండో, నేనో అని వాళ్ళకి అనుమానం. నిజం చెప్పొద్దూ, నాకూ పట్టుకుంది ఆ అనుమానం.”

“అలా అనుకోకండి పిన్నిగారూ.”

“నువ్వు నమ్మే అన్నావా ఆ మాట?”

“లేదండి. నాకు అలాంటి పట్టింపులేమీ లేవు.”

“నమ్మని మాట ఎందుకన్నావమ్మా?”

ఆవిడ కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నీలవేణికి పంచలోంచి లేచి పారిపోవాలనిపించింది.

“ధర తగ్గుతుందనండి,” అంది.

ధనకోటి తల ఊపింది. తరవాత ఆవిడే, “నాకు పురుటి ఖర్చుకి అరవై వేలు చేతికొస్తే చాలనుకున్నాను. మధ్యవాళ్ళ పాలు పోవాలి కదా అని అరవై ఎనిమిది చెప్పాను,” అంది.

“నా దగ్గరున్నదీ అరవైయేనండి. వాళ్ళకి పోను యాభై నాలుగున్నరే అడగ్గలిగాను.”

ఈ పంచలో ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఒక్క మాటతో అయిపోయే బేరం. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. చివరికి బండి నలభై ఆరుకు తెగింది. ధనకోటి చేతికి నలభై వేలు వస్తాయి. నీలవేణి దగ్గర ఇంకా తొమ్మిది వేలకు పైనే మిగిలాయి. ఆ మిగులు చూసుకుని రాత్రి ఎంత సంబరపడిందో తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చేతిలో పెట్టి ఇచ్చేద్దామంటే అది చాటుబేరం. పట్టుబడితే ఇద్దరినీ ఏకసంత నుంచి వెలేస్తారు. బియ్యం కూడా కొనుక్కోలేరు. నీలవేణి పూస తట్టి ధర పెంచమంది. పెంచడానికి కారణం చెప్పమంది మారుబేరి.

“సిగ్గేస్తోంది,” అంది నీలవేణి.

‘ఆ కారణం గుర్తింపులో లేదు. వేరే కారణం చెప్పండి,’ అంది మారుబేరి ఆమె గొంతుతోనే.

“డబ్బు సంగతి వదిలెయ్యమ్మా,” అంది ధనకోటి. “మా అమ్మాయితో ఒక్క మాట చెప్పు. ఇప్పుడు నాతో చెప్పిందే. ఊరికే చెప్పొద్దులే, బండికి కొత్త చక్రాలు వేయించి ఇస్తాను.”

ఆ చక్రాల మాట నీలవేణికి చెంపదెబ్బలా తగిలింది. “వద్దండి. ఏమీ వద్దు. కలపండి,” అంది.

పూస తట్టి పిలవగానే కూతురు పలికింది. ధనకోటి విషయం చెప్పి, మాట్లాడమని సైగ చేసింది. నీలవేణి గొంతు సవరించుకోబోయి ఆపుకుంది.

“సౌదామినిగారూ, నేను బండి కొన్న నీలవేణినండి. అచ్చిరాదని నేనన్నది అబద్ధం. ధర తగ్గించుకోడానికి అన్నాను. మీ అమ్మగారిలో గానీ, ఆ ఇంట్లో గానీ ఏ దోషమూ లేదు. తప్పంతా నాది.”

“మీరు మనిషేనా, మారుబేరా?” అని అడిగింది సౌదామిని.

“మనిషినేనండి.”

“ఈ మాట చెప్పినందుకు అమ్మ ఎంత తగ్గించిందండి?”

“ఏమీ తగ్గించలేదండి. ఊరికే చెబుతున్నాను.”

“ఊరికే ఎవరు చెబుతారండీ,” అంది సౌదామిని. వెటకారంగా అనలేదు. అలసిపోయినట్టుగా అంది.

“నేను పెద్దాపురం వస్తాను. మీ ఎదురుగా నిలబడి, మీ అత్తగారి ముందే చెబుతాను. అప్పుడైనా నమ్ముతారు కదా.”

వెనక ఎవరో పెద్దావిడ గద్దిస్తున్నారు. సౌదామిని గొంతు తగ్గించింది. “రావద్దండి. ఆ గొంతు మళ్ళీ వినపడిందేంటని అత్తయ్యగారు గోల పెడుతున్నారు. నెలలు నిండిన మనిషి ఆ గొంతు వినకూడదంట. అచ్చిరాదంట. ఏమనుకోకండి.” మాట తెగిపోయింది.

పంచంతా వినపడేలా పెట్టుకున్న పూస కదా, ధనకోటి మొత్తం విన్నది. లేచి, బండి చక్రాల కింద అడ్డుగా పెట్టిన ఇటుకలు తీసింది. “ఎండెక్కకముందే వెళ్ళమ్మా,” అంది.

నీలవేణి చేతులు జోడించింది. వెళ్ళొస్తానని చెప్పబోయి, ఆ మాట పైకి అనలేక ఊరుకుంది. బండి తోసుకుంటూ వీధిలోకి వచ్చింది. దారికి అడ్డంగా పిల్లలు ఆడుకుంటున్నారు, ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు. తప్పుకోమని ఒక్కరినీ పిలవలేదు. వాళ్ళంతట వాళ్ళు చూసి జరిగేదాకా ఆగి, ఆగి, బండిని కొంచెం కొంచెం ముందుకు తోసుకుంటూ పోయింది.