రెండు నీలం మచ్చలు

వన్ టౌన్‌లో వాన మొదలైతే బట్టల కొట్లకు బేరాలుండవు, తలదాచుకునేవాళ్లు మాత్రం బోలెడుమంది ఉంటారు. అందుకే తడిసిన గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కిన అమ్మాయిని చూసి, ఈవిడా ఆ బాపతే అనుకున్నాడు భావనారాయణ. తండ్రి రామకోటేశ్వరరావు గారు సరుకు కోసం బొంబాయి వెళ్లారు. ఆయన తిరిగొచ్చేదాకా కొట్టు అతనిదే. గల్లాపెట్టె పక్కన, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద, బాసింపట్టు వేసుకుని దర్జాగా కూర్చున్నాడు.

"జీన్స్ పాంటు గుడ్డ ఉందాండీ?" అంది ఆ అమ్మాయి.

"అన్నయ్యగారికాండీ?"

"నాకు."

భావనారాయణ ఆ అమ్మాయి వంక చూశాడు. చీర అంచు చిరిగి, గ్రీజు మరకలతో నల్లగా ఉంది.

"మోపెడ్ గొలుసు నమిలేసింది. నిన్నటి చీరదీ ఇదే గతి," అంది, ఆ తప్పు అతనిదే అన్నట్టు.

పేరు రామతులసి. సొంతూరు పామర్రు. బాపట్లలో వ్యవసాయం డిగ్రీ చదివి, ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగంలో చేరింది. పటమటలో పిన్నిగారు సీతారావమ్మ ఇంట్లో ఉంటూ, మోపెడ్ మీద ఊళ్లు తిరిగి రైతులకు కొత్త వరి వంగడాలు చూపించాలి. చీర గొలుసులో పడి, గట్టు మీంచి బోదెలో పడి, బురదతో ఆఫీసుకి వెళ్తే మేనేజరు తేల్చి చెప్పాడట. నాట్లు పూర్తయ్యేలోపు బండి మీద కుదురుగా తిరగలేకపోతే హైదరాబాదు ఆఫీసులో కుర్చీ వేస్తాడట.

"నాకు కుర్చీ వద్దండీ, పొలం కావాలి," అంది.

ఆ మాట భావనారాయణకి ఎక్కడో తగిలింది. లేచి, బీరువా అట్టడుగు నుంచి ఒక నీలం తాను లాగాడు. కిందటేడు నాన్నగారు మోజుపడి బొంబాయి నుంచి తెచ్చారు, అప్పట్నుంచీ అడిగిన నాథుడు లేడు. నేల మీద నిలబెడితే చెయ్యి వదిలినా నిలబడింది.

అలవాటు చొప్పున, రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేశాక కుట్టించమన్నాడు. రామతులసి ససేమిరా అంది. మెడ్రాసులో ఉంటున్న హాస్టల్ స్నేహితురాలు చెప్పిందట, ఈ గుడ్డ పచ్చిగానే కుట్టించుకోవాలట, ఒంటి మీదే ముడుచుకుని ఒంటికి అతుక్కోవాలట.

"ముడుచుకుపోతే నా పూచీ లేదండీ."

"మిమ్మల్ని పూచీ అడిగానా?"

కొట్టు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ ఆమోసుకి ఆడవాళ్లకి పాంటు కొలతలు తీసుకోవడమంటే ముచ్చెమటలు పోశాయి. మర్నాడు సీతారావమ్మ గారే స్వయంగా వచ్చి టేపు పట్టుకున్నారు. ఆవిడ అంకెలు చెబుతుంటే ఆమోసు గోడవైపు తిరిగి రాసుకున్నాడు.

శనివారం సాయంత్రం రామతులసి ఆ పాంటు తొడుక్కుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇది పాంటు కాదండీ, తలుపుచెక్క. బండెక్కాలంటే కాలు లేవదు."

"తొడుగుతుంటే అదే మెత్తబడుతుందండీ."

"మీరెప్పుడైనా తొడిగారా?"

తొడగలేదు. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయాక ఆ ప్రశ్న మాత్రం కొట్లోనే ఉండిపోయింది. మిగిలిన గుడ్డతో తనకీ ఒకటి కుట్టమని ఆమోసుకి పురమాయించాడు.

పాంటు చేతికి రాగానే తొడుక్కుని, ఒంటి మీదే తడిసి ఆరితే మెత్తబడుతుందేమోనని, పొద్దున్నే బందరు కాలవలో నడుం లోతున దిగి కూర్చున్నాడు. గేదెల్ని కడుగుతున్న పెద్దాయన చాలాసేపు చూసి, ఏ కష్టమొచ్చినా ఇంట్లో చెప్పుకోవాలి గాని ఇదేం పని బాబూ అని బుజ్జగించాడు. భావనారాయణ ఆయనకి దణ్ణం పెట్టి, తడి పాంటుతోనే వన్ టౌన్ దాకా నడిచాడు. ఆరేసరికి కాళ్లు నీలమయ్యాయి గాని, మోకాలు మడిచిన చోటల్లా గుడ్డ మడతపడటం నేర్చుకుంది.

మరుసటి శనివారం ఈ కిటుకు చెబితే రామతులసి కడుపుబ్బ నవ్వింది. నవ్వినా, అలాగే చేసింది. సీతారావమ్మ గారు స్నానాలగది చూసి, సిరాబుడ్డి ఎవరు ఒలకబోశారని ఇల్లంతా అడిగారట.

అది మొదలు ప్రతి శనివారం ఆమె రావడం, పరుపు మీద కూర్చోవడం, ఇద్దరూ పాంట్లు పోల్చుకోవడం. అతనికి మోకాళ్ల వెనక దట్టంగా ముడతలు పడ్డాయి.

"పనిలేకుండా కూర్చుంటే అంతే మరి," అంది ఆమె.

"మీకు మోకాళ్ల మీద రంగు వెలుస్తోందండీ."

"ఊరికే వెలిసిందా? గట్ల మీద పడి, లేచి, మళ్లీ ఎక్కితే వెలిసింది."

భావనారాయణకి ఆ అమ్మాయంటే ప్రాణమైపోయింది. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పాంటు మెత్తబడకపోతే ఆమె హైదరాబాదు వెళ్లిపోతుంది. మెత్తబడితే ఇక కొట్టుకి రావలసిన పనే ఉండదు. ఎటు తిరిగినా నష్టం తనకే. అయినా మెత్తబడాలనే కోరుకున్నాడు.

నాట్లు ముగిసిన వారం రామకోటేశ్వరరావు గారు బొంబాయి నుంచి దిగారు. ఆయన కొట్లో అడుగుపెట్టిన కాసేపటికే చాకలి మణెమ్మ ఉతికిన దుప్పటి తెచ్చి ఆయన ముందు పరిచింది.

"ఉడకేసినా పోలేదయ్యగోరూ. మీరే చూడండి."

గల్లాపెట్టె దగ్గర ఒక నీలం మచ్చ, ఆ చివర గుమ్మంవైపు ఒకటి. ఆ రెండువైపుల నుంచీ లేత మచ్చలు వరసగా నడుమకు వచ్చి, పక్కపక్కనే ఆగాయి.

"మొదట్లో ఈ కొసనొకటి, ఆ కొసనొకటి ఉండేయి. వారం వారం దగ్గరికి జరుగుతా వచ్చినయ్," అంది మణెమ్మ, చాలా మామూలుగా.

రామకోటేశ్వరరావు గారు దుప్పటిని చూశారు. కొడుకు పాంటుని చూశారు. భావనారాయణ పైకప్పుకేసి చూశాడు. సరిగ్గా అప్పుడే బయట మోపెడ్ ఆగింది. రామతులసి సీటు మీంచి ఒక్క దూకు దూకి, మెట్లెక్కి వచ్చింది.

"హైదరాబాదు తప్పిందండీ. మేనేజరు గారు పామర్రు వైపు ఊళ్లన్నీ నాకే ఇచ్చారు," అని, పెద్దాయన్ని చూసి ఆగి, నమస్కారం పెట్టింది.

"చూడమ్మాయ్, ఈ దుప్పటి పాడు చేసిందెవరు?" అన్నారాయన.

ఆమె వంగి చూసింది. చెవుల దాకా ఎర్రబడింది.

"నాన్నా, ఆ అమ్మాయి తప్పేం లేదు. నేనే జరిగాను," అన్నాడు భావనారాయణ. అంతవరకూ రాని నోరు ఒక్కసారిగా వచ్చింది. "ఆమె ఇక్కడే ఉండాలని, రోజూ కనిపించాలని ఉంది. చెప్పలేక జరిగాను."

రామతులసి గుమ్మంవైపు మచ్చ మీద వేలు పెట్టింది.

"ఆయనొక్కరే జరగలేదండీ. ఈ వరస నాది," అంది.

 అరుగు మీద ఆమోసు మిషను ఆగిపోయింది. రామకోటేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, అమ్మాయి నాన్నగారి పేరు అడిగారు. పామర్రులో ఎటువైపో అడిగారు. ఆ తర్వాత, ఆదివారం ఇంటిల్లిపాదీ వస్తున్నామని మీ నాన్నగారితో చెప్పమ్మా అన్నారు.

"మీ ఇంట్లో తెల్ల దుప్పట్లుంటే మాత్రం తీయించెయ్యి. మావాడు ఈ పాంటు విప్పేలా లేడు."

"మాకు చెక్క కుర్చీలేనండీ, రంగు అంటుకోదు," అంది రామతులసి.

మణెమ్మ దుప్పటి మడతపెట్టి, చవుడుమట్టి వేసి ఇంకోసారి ఉడకబెట్టి చూస్తానంది.

"వద్దు. అది ఇంట్లో పెట్టెలో పెట్టు," అన్నారు రామకోటేశ్వరరావు గారు.

ఆయన కొత్త దుప్పటి పరిపించి, అమ్మాయిని కూర్చోమన్నారు. భావనారాయణ గల్లాపెట్టె వైపు చూడను కూడా చూడకుండా, వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాడు.