లార్సా పాప దాహం

యూఫ్రటీస్ ఒడ్డునున్న ఆ చిన్న పట్నానికి జూన్ నెలలో దుమ్ము తుఫాను కొత్త కాదు. మధ్యాహ్నం రెండింటికే ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరిగింది. బళ్లు మూసేశారు. చేసేది లేక నిదాల్ తన ఆరేళ్ల కూతురు రహ్మాని వెంటబెట్టుకుని మ్యూజియానికి వచ్చింది.

మర్నాడే ప్రదర్శన. లార్సా అనే పాత నగరపు దిబ్బల్లో తవ్వి తీసిన నాలుగు వేల ఏళ్ల నాటి ఇంటిని నేలతో, గోడలతో సహా పెద్ద హాల్లో మళ్లీ నిలబెట్టారు. ఆ ఇంటి నేల కింద ఒక పాప సమాధి ఉంది. ఆ కాలం వాళ్లు పోయినవాళ్లని ఇంట్లోనే పూడ్చి, నేలలోంచి సమాధిలోకి ఒక మట్టి గొట్టం దింపి, అందులో నీళ్లు పోసేవాళ్లు. ఇప్పుడా సమాధీ, గొట్టమూ అద్దం వెనక ఉన్నాయి. ముక్కముక్కా అతికించి నిలబెట్టింది నిదాలే. పదకొండేళ్లుగా ఆమె పనే అది.

కాపలాదారు మెజ్‌హర్ తండ్రీ, తాతా లార్సాలో తవ్వకం పని చేసినవాళ్లు. ఆ ఎముకలు వచ్చిన రోజు నుంచీ ముసలాయన పొద్దున్నే గొట్టంలో గ్లాసుడు నీళ్లు పోసేవాడు. తడి తగిలితే మట్టిలోని ఉప్పు పైకి పొంగి వస్తువు పొడిపొడిగా రాలిపోతుందని నిదాల్ ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు. చివరికి విసిగిపోయి నిన్న ఆ గొట్టం మూతిలో ప్లాస్టర్ కూరి, దగ్గరుండి అద్దం బిగింపించేసింది. పీడా విరగడైందనుకుంది.

“తప్పు చేశావు బిడ్డా,” అన్నాడు మెజ్‌హర్, ఎండు నిమ్మ చాయ్ అందిస్తూ. “మనవాళ్ల గోరీల మీద మనం నీళ్లు చల్లమా? ఈ పాపకి మాత్రం దాహం వేయదా?”

“నీ దయ వల్ల ఇప్పటికే సగం గొట్టానికి ఉప్పు పట్టింది హాజీ. చాయ్‌లో ఇంకాస్త చక్కెర వేసి పుణ్యం కట్టుకో.”

ఆయన నవ్వలేదు.

కాసేపటికి కరెంటు పోయింది. హాలంతా ఎర్రటి మసక కమ్ముకుంది. కిటికీలకి ఇసుక రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఎక్కడినుంచో తడి మట్టి వాసన వచ్చింది. ఆ ఎండాకాలంలో, ఆ దుమ్ములో, తడి మట్టి వాసన.

“అమ్మా, దాహం,” అంది రహ్మా. వచ్చినప్పట్నుంచీ ఆ అద్దానికే ఆనుకుని కూర్చుని ఉంది పిల్ల.

నిదాల్ మంచినీళ్ల కుండలోంచి గ్లాసు నింపి ఇచ్చింది. గటగటా తాగేసింది. ఇంకోటి అడిగింది. అదీ తాగేసింది.

“ఒంటె పిల్లవటే నువ్వు?” అని నవ్వింది నిదాల్.

ఆరో గ్లాసుకి ఆ నవ్వు పోయింది. మోటారు ఆగిపోయి కుళాయిల్లో చుక్క లేదు. కుండలో నీళ్లు అడుగంటాయి. రహ్మా పెదవుల చివర తెల్లగా ఏదో కనిపించింది. రుమాలుతో తుడిస్తే మళ్లీ వచ్చింది. నిదాల్ దాన్ని వేలితో తీసి నాలుకకి రాసుకుంది.

ఉప్పు.

పదకొండేళ్లుగా పాత కుండల మీద చూస్తున్న తెల్లటి నూగే అది. ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. కనురెప్పల మీద కూడా… చెవుల వెనక కూడా… బుగ్గ నిమిరితే వేళ్లకి పొడి అంటుకుంటోంది.

“అమ్మా… దాహం…”

ఫోన్‌కి సిగ్నల్ లేదు. తలుపు తీస్తే చాపిన చెయ్యి కనబడనంత దుమ్ము. పిల్లనెత్తుకుని అందులో పది అడుగులు కూడా వేయడం కుదరదు.

“నువ్వు ఆ పాప నోరు మూశావు,” అని గొణిగాడు మెజ్‌హర్. “అది నీ బిడ్డ నోటితో అడుగుతోంది.”

“ఊరుకో హాజీ!”

అంది గానీ, అప్పటికే మంటలార్పే సిలిండర్ ఆమె చేతుల్లో ఉంది.

మూడో దెబ్బకి అద్దం భళ్లున పగిలింది. ఉద్యోగం, మర్నాటి ప్రదర్శన, బాగ్దాద్ నుంచి రాబోయే పెద్దలు… ఏదీ గుర్తు రాలేదు. ఉలితో ప్లాస్టర్ పెకలించింది. గొట్టం అంచు విరిగింది. విరగనీ. కుండ వంచి, వచ్చిన కాసిన్ని నీళ్లూ అందులో పోసింది.

గొట్టం కిందున్న ఇసుక తడవలేదు. గొట్టంలోంచి చప్పుడు మాత్రం వచ్చింది.

గుటక్… గుటక్… గుటక్…

రహ్మా గట్టిగా ఊపిరి తీసుకుంది. పెదవులు ఎర్రబడ్డాయి. నిదాల్ పిల్లని వాటేసుకుని భోరుమంది. మెజ్‌హర్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

“పాప తాగేసిందమ్మా,” అంది రహ్మా. “పాపకి ఇచ్చావని కిందవాళ్లూ అడుగుతున్నారు.”

నిదాల్ ఏడుపు ఆగిపోయింది.

మెట్లు దిగితే సామాను గది. అక్కడ లార్సాలోని మిగతా ఇళ్లలో దొరికిన గొట్టాలు చెక్కపెట్టెల్లో ఉన్నాయి. పక్కనే సంచుల్లో ఎముకలు. మొత్తం ఇరవై ఏడు గొట్టాలు. పురుగులు దూరకుండా ఒక్కొక్కదాని మూతీ ఆమే తన చేత్తో ప్లాస్టర్ పెట్టి మూసింది. ఆ సంగతి కూతురికి ఎన్నడూ చెప్పలేదు.

“ఎంతమంది?” అంది, తెలిసి కూడా.

“చాలామంది. పెద్దవాళ్లు కూడా.”

మెజ్‌హర్ కుండని బోర్లించి చూపించాడు. ఒక్క చుక్క నేల మీది దుమ్ములో పడి ఇంకిపోయింది.

బయట తుఫాను తగ్గే జాడ లేదు. రహ్మా పెదవి చివర మళ్లీ తెల్లగా… నిదాల్ తుడిచింది. మళ్లీ తుడిచింది. ఆ తల్లి చేయగలిగింది ఇక అదొక్కటే.

అప్పుడు, తాళం వేసి ఉన్న సామాను గది మెట్ల మీద, ఎవరో ఎండిన గొంతుతో గుటక మింగారు. ఆ వెనకే ఇంకొకరు…