కొట్టేసిన తొమ్మిదో అధ్యాయం

తెల్లవారి చాలాసేపయినా ఆయన టీ ముట్టుకోలేదు. నలభై ఏళ్లుగా అచ్చుతప్పులు దిద్దుతూ బతికిన మనిషి. ఆ ఇంట్లో పాలవాడి చీటీకి కూడా ఆయన ఎర్రసిరా తప్పేది కాదని భార్య ఎగతాళి చేసేది. ఇవాళ మాత్రం ఒక నవల ప్రూఫుల కట్ట ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ నవల కూతురు పనిచేసే ప్రచురణ సంస్థది. రాబోయే కాలపు కథ. ఒక నగరంలో వారానికో ఇంటిమీద గుర్తు వేస్తారు, ఆ ఇంటివాళ్లను వీధిలో చంపడమే చట్టం. మొదటి ముద్రణకే రచ్చ రేగింది. నిషేధించమన్నవాళ్లున్నారు, నెత్తిన పెట్టుకున్నవాళ్లున్నారు. రెండో ముద్రణ అట్టమీద ‘మాస్టర్‌పీస్’ అని వేయించాలని పట్టుబట్టింది కూతురే.

ఆఫీసుకు బయల్దేరుతూ ఆమె కట్ట తిరగేసింది. ఎనిమిది అధ్యాయాల్లో కామా కూడా వదలకుండా దిద్దాడు. తొమ్మిదోది మొత్తం, పన్నెండు పేజీలూ, ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా కొట్టేశాడు. సాయంత్రానికి ప్రెస్సుకు వెళ్లాల్సిన ప్రతి అది.

“తప్పులు దిద్దమన్నాను నాన్నా. అధ్యాయం ఎత్తేయమన్నదెవరు?”

హింస ఎక్కువైందని గొణిగాడాయన. కూతురికి ఒళ్లు మండింది. మిగతా పుస్తకమంతా నెత్తురేనని, ఈ ఒక్క అధ్యాయంలో చుక్క కూడా లేదని గుర్తుచేసింది. బయట ఒకడు తలుపు కొడుతుంటాడు, లోపలివాడు తియ్యడు. అంతే కథ. దీనివల్లే అది గొప్ప పుస్తకమైందని, ఇది తీసేస్తే మిగిలేది కసాయి కొట్టేనని అంది.

ఆయన తల ఎత్తలేదు.

“నీకప్పుడు నాలుగేళ్లు. వీధిలో అల్లర్లు. ఎదురింటి దర్జీ మన తలుపు కొట్టాడు. ‘అన్నా, నేనే’ అన్నాడు. నేను గడియకు వీపు ఆనించి నిలబడ్డాను.”

మిగిలిన గుడ్డముక్కలతో తనకు గౌన్లు కుట్టిచ్చిన దర్జీ ఊరు వదిలి వెళ్లిపోయాడనే ఆమెకు చెప్పారు. ఇన్నేళ్లూ అదే నమ్మింది. భుజాన తగిలించుకున్న ఆఫీసు సంచి దించి కింద పెట్టింది.

వంటింటి గుమ్మంలో తల్లి చేతిలోని తువ్వాలు మెలిపెడుతోంది.

“మీ నాన్న ఒక్కడే కాదు. ‘మావయ్య వచ్చాడు’ అని నువ్వు అరవబోతే నీ నోరు నొక్కి పట్టుకున్నది నేను.”

అసహ్యించుకోవాలో, ఆ ఇద్దరినీ దగ్గరకు తీసుకోవాలో కూతురికి తెలియలేదు. గౌన్ల సంగతి తలుచుకుని ఏడ్చింది. చివరికి, ఆ అధ్యాయం నిజంగా చెడ్డదనే కొట్టేశారా అని మాత్రం తండ్రిని అడిగింది.

“గొప్పదమ్మా. కాదనలేకే కొట్టేశాను.”

ఆమె సంచిలోంచి ఇంకో ప్రతి తీసింది. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దడం ఆయన నేర్పిన పద్ధతే. తండ్రికి ఎదురుగా కూర్చుని తొమ్మిదో అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. మూడో పేజీలో తలుపు కొట్టే చోట ఆగింది.

తల్లి వచ్చి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆపకమ్మా. ఆవేళ వినపడనట్టే ఉండిపోయాం. ఇవాళైనా చివరిదాకా విననీ.”

కూతురు కళ్లు తుడుచుకుని చదివింది. ఆయన ప్రతి వాక్యం కింద వేలు కదుపుతూ ఒక్క అక్షరం వదలకుండా విన్నాడు.